నర్సింగ్ చేస్తే ఉద్యోగం గ్యారంటీయేనా? చేరే ముందు అందరూ అడిగే ప్రశ్నలు, జవాబులు

ఇంటర్ బైపీసీ అయిపోయింది. నీట్‌లో వచ్చిన ర్యాంకుకు ఎంబీబీఎస్ సీటు రాదని తేలిపోయింది. ‘పోనీ నర్సింగ్ చేయకూడదా, ఉద్యోగం గ్యారంటీ అట కదా’ అని ఇంట్లోవాళ్లు అంటున్నారు. సరిగ్గా అప్పుడే ఫోన్‌కు ఏదో కన్సల్టెన్సీ నుంచి మెసేజ్ వస్తుంది: ‘బెంగళూరులో బీఎస్సీ నర్సింగ్, డైరెక్ట్ అడ్మిషన్, కొన్ని సీట్లే మిగిలాయి’.

మీ ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ నడుస్తుంటే, ఫీజు కట్టే ముందు కాసేపు ఆగి ఇది చదవండి. నర్సులకు పని దొరకడం పెద్ద కష్టం కాదు. ఆ పనికి జీతం ఎంత, ప్రభుత్వ ఉద్యోగానికి అర్హత ఉంటుందా, రేపు విదేశాలకు వెళ్లాలనుకుంటే కుదురుతుందా అన్నవే అసలు ప్రశ్నలు. వీటికి జవాబు చాలావరకు మూడు విషయాల్లో ఉంటుంది. ఏ కోర్సులో చేరారు, ఏ కాలేజీలో చేరారు, చదువయ్యాక తొలి రెండేళ్లు ఏ ఆసుపత్రిలో పనిచేశారు.

ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ... వీటిలో తేడా ఏంటి?

ఏఎన్‌ఎం రెండేళ్ల కోర్సు. ఇది ప్రధానంగా గ్రామాల్లో, బస్తీల్లో టీకాలు, గర్భిణుల నమోదు, ఇంటింటి ఆరోగ్య పర్యవేక్షణ చూసే ఉద్యోగాల కోసం. తెలంగాణలో ఈ పోస్టులను మల్టీపర్పస్ హెల్త్ అసిస్టెంట్ ఫిమేల్ పేరుతో భర్తీ చేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల్లో గ్రేడ్-3 ఏఎన్‌ఎంలుగా చూస్తున్నాం. ఈ కోర్సు మహిళలకు మాత్రమే.

జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. ఈ రెండింట్లో ఏది చేసినా స్టాఫ్ నర్సు అవ్వొచ్చు, వార్డులో పని కూడా దాదాపు ఒకటే. మొదటి నెల జీతంలోనూ ప్రైవేటు ఆసుపత్రుల్లో పెద్ద తేడా కనిపించదు. అందుకే ‘ఒక ఏడాది తక్కువ, ఫీజు తక్కువ, జీఎన్‌ఎం చాలు’ అని చాలామంది అనుకుంటారు. తేడా తర్వాత బయటపడుతుంది. ఎయిమ్స్ ఉద్యోగాలకు బీఎస్సీ చేసినవాళ్లు నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. కాలేజీలో బోధన, ఎమ్మెస్సీ, చాలా దేశాల లైసెన్సులు డిగ్రీ ఉంటే సులువు.

జీఎన్‌ఎం చేసినవాళ్లకు దారి మూసుకుపోయినట్టేం కాదు. రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేస్తే డిగ్రీ వస్తుంది. కానీ లెక్క చూడండి: మూడు, రెండు కలిపి ఐదేళ్లు. బీఎస్సీ నాలుగేళ్లే. మార్కులు, ఇంటి పరిస్థితి అనుకూలిస్తే బీఎస్సీనే ఎంచుకోవడం మంచిది. వెంటనే సంపాదన మొదలుపెట్టాల్సిన అవసరం ఉంటే, లేదా ఇంటర్‌లో బైపీసీ కాకపోతే జీఎన్‌ఎం సరైన దారి.

బైపీసీ చదవకపోతే నర్సింగ్‌లో చేరలేమా?

బీఎస్సీలో చేరలేరు. దానికి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లిష్ ఉండాలి. మొత్తం మీద 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు రావాలి. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి.

జీఎన్‌ఎంకు అలా కాదు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా 40 శాతం మార్కులు, ఇంగ్లిష్ పాసై ఉంటే అర్హత ఉంటుంది. సైన్సు వాళ్లకు ప్రాధాన్యం ఇస్తారు. వయసు 17 నుంచి 35. పదేళ్ల కిందట ఇంటర్‌తో చదువు ఆపేసిన గృహిణులు కూడా ఈ లెక్కన చేరొచ్చన్నమాట.

బీఎస్సీ సీట్లను తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఏపీలో విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ ద్వారా భర్తీ చేస్తాయి. ఏ ప్రవేశ పరీక్ష ర్యాంకును తీసుకుంటారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూడాలి. మీ సీనియర్ చెప్పిన పద్ధతి మీ ఏడాదికి మారిపోయి ఉండొచ్చు. కన్వీనర్ కోటాలో సీటొస్తే అర్హులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది కాబట్టి, ఏ కన్సల్టెన్సీకీ డబ్బు కట్టకముందే ఈ కౌన్సెలింగ్‌కు దరఖాస్తు చేసుకోండి.

ఆరు నెలల ‘నర్సింగ్ కోర్సు’ చేసినా నర్సే కదా?

కాదు. బస్టాండుల దగ్గర, కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించే ఆరు నెలల, ఏడాది కోర్సుల్లో ఎక్కువ భాగం జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ కేర్ లాంటివి. అవి చెడ్డ కోర్సులని కాదు. పేషెంటుకు స్నానం చేయించడం, పక్క మార్చడం, బీపీ చూడడం నేర్పుతారు, పని కూడా దొరుకుతుంది. కానీ ఆ సర్టిఫికెట్‌తో నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ జరగదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు చట్టం దృష్టిలో నర్సులు కారు. వాళ్లు ఎన్నేళ్లు పనిచేసినా ఆ అనుభవం స్టాఫ్ నర్సు అనుభవంగా లెక్కలోకి రాదు. చిన్న ఆసుపత్రుల్లో తెల్ల యూనిఫాం వేసుకుని ఇంజెక్షన్లు చేస్తున్న అందరికీ రిజిస్ట్రేషన్ ఉందనుకోకండి.

ఇంటర్ వొకేషనల్‌లో ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్ గ్రూపు సంగతి వేరు. అది చదివి, ఏడాది క్లినికల్ శిక్షణ పూర్తి చేసినవారిని రెండు రాష్ట్రాల్లోనూ ఏఎన్‌ఎం తరహా పోస్టులకు అర్హులుగా తీసుకుంటున్నారు.

కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

డబ్బు పోయేది, ఏళ్లు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. కాబట్టి కాస్త ఓపిగ్గా చూద్దాం.

నర్సింగ్ కాలేజీకి మూడు చోట్ల నుంచి ఆమోదం ఉండాలి. ఒకటి, ఆ రాష్ట్ర ప్రభుత్వం, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ అనుమతి. రెండు, బీఎస్సీ అయితే ఆరోగ్య విశ్వవిద్యాలయం అనుబంధం. మూడు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, అంటే ఐఎన్‌సీ గుర్తింపు. ఐఎన్‌సీ 1947 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థ. దాని స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ తేవడానికి 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది.

కాలేజీవాళ్లు గోడకు ఫ్రేము కట్టి పెట్టిన అనుమతి పత్రం మీకు సరిపోదు. అది ఏ ఏడాదిది, ఏ కోర్సుకు, ఎన్ని సీట్లకు అన్నది చూడాలి. జీఎన్‌ఎంకు అనుమతి ఉన్న సంస్థ దాన్నే చూపించి బీఎస్సీకి ఫీజు తీసుకుంటే మీరు గుర్తుపట్టడం కష్టం. 60 సీట్లకు అనుమతి ఉంటే 61వ విద్యార్థి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. అందుకే కాలేజీ పేరును మీరే స్వయంగా ఐఎన్‌సీ వెబ్‌సైట్‌లో, రాష్ట్ర కౌన్సిల్ జాబితాలో, విశ్వవిద్యాలయం అనుబంధ కాలేజీల జాబితాలో వెతకండి. మూడింటిలోనూ అదే పేరు, అదే ఊరు, అదే కోర్సు, మీరు చేరబోయే విద్యాసంవత్సరం కనిపించాలి. ఒకే ట్రస్టు కింద నాలుగైదు కాలేజీలు ఉన్నప్పుడు పేర్లు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక్క పదం తేడా ఉన్నా అది వేరే కాలేజీయే.

ఆ తర్వాత ఆసుపత్రి చూడండి. నర్సింగ్ పుస్తకాల్లో నేర్చుకునే చదువు కాదు. కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది ఐఎన్‌సీ నిబంధన. క్లినికల్ శిక్షణలో ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. మీరు చూడ్డానికి వెళ్లిన రోజున ఆ ఆసుపత్రిలో పడకలు నిండుగా ఉన్నాయా, వార్డులో విద్యార్థులు కనిపిస్తున్నారా, లేక తాళం వేసిన గదులు కనిపిస్తున్నాయా? ఒక్కసారి ఆదివారం కాకుండా మామూలు రోజు ఉదయం పది గంటలకు వెళ్లి చూస్తే బ్రోచర్ చెప్పనివి చాలా తెలుస్తాయి. మూడో ఏడాది చదువుతున్న ఇద్దరితో మాట్లాడితే ఇంకా మంచిది. కాన్పులు ఎన్ని చూశారు, ఐసీయూ పోస్టింగ్ ఎక్కడ వేశారు అని అడగండి.

‘క్లాసులకు రాకపోయినా పర్వాలేదు, పరీక్షలకు వస్తే చాలు’ అని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నర్సింగ్‌లో దూరవిద్య, కరస్పాండెన్స్ పద్ధతిలో రిజిస్ట్రేషన్‌కు పనికొచ్చే ప్రాథమిక కోర్సులు లేవు. అలా తెచ్చుకున్న సర్టిఫికెట్ దగ్గర్లోని నర్సింగ్‌హోంలో చెల్లుబాటు కావచ్చు. ఎనిమిదేళ్ల తర్వాత గల్ఫ్‌కు దరఖాస్తు చేసినప్పుడు డేటాఫ్లో అనే సంస్థ నేరుగా మీ కాలేజీకి, కౌన్సిల్‌కు రాసి హాజరుతో సహా ఆరా తీస్తుంది. అప్పుడు ఆ దేశానికి వెళ్లే అవకాశమే పోతుంది.

బెంగళూరు, మంగళూరు వైపు మంచి కాలేజీలు ఉన్నాయి. సమస్య ఊరితో కాదు, మధ్యవర్తితో. కర్ణాటకలో చేరుతున్నట్లయితే అక్కడి రాజీవ్‌గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, కర్ణాటక నర్సింగ్ కౌన్సిల్ జాబితాలు చూడండి. ఐఎన్‌సీ జాబితాలో కూడా ఉందో లేదో తప్పనిసరిగా చూసుకోండి. రేపు తిరిగొచ్చి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో రిజిస్ట్రేషన్ మార్చుకోవాలంటే ఆ గుర్తింపే అడుగుతారు. ఫీజు కన్సల్టెన్సీ ఖాతాకు కాకుండా కాలేజీ ఖాతాకు కట్టి రసీదు తీసుకోండి.

చదువు పూర్తయితే ఉద్యోగంలో చేరిపోవచ్చా?

ముందు రిజిస్ట్రేషన్. తెలంగాణవారికి హైదరాబాద్‌లో, ఏపీవారికి విజయవాడలో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిళ్లు ఉన్నాయి. రిజిస్ట్రేషన్ అయ్యాక ఎన్‌ఆర్‌టీఎస్ అనే జాతీయ వ్యవస్థలో నమోదై, ఎన్‌యూఐడీ అనే సంఖ్య వస్తుంది. ఇది దేశమంతటికీ మీ గుర్తింపు. వేరే రాష్ట్రంలో పనిచేయాలంటే మొదటి కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ తీసుకుని అక్కడ నమోదు చేసుకోవాలి. ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది. దానికోసం ఈ మధ్యకాలంలో హాజరైన శిక్షణ తరగతుల గంటలు చూపించాలి కాబట్టి, వర్క్‌షాపుల్లో ఇచ్చే సర్టిఫికెట్లు పారేయకండి.

ఫలితాలు వచ్చిన వారంలోనే దరఖాస్తు చేసుకోవడం మంచిది. ‘ముందు ఉద్యోగంలో చేరండి, రిజిస్ట్రేషన్ తర్వాత చూద్దాం’ అనే ఆసుపత్రులు ఉంటాయి. రిజిస్ట్రేషన్ తేదీకి ముందు చేసిన పనిని ప్రభుత్వ నోటిఫికేషన్లలో అనుభవంగా లెక్కించరు.

ప్రభుత్వ ఉద్యోగాలు ఎలా వస్తాయి?

అందరి చూపూ నార్సెట్ మీదే. దేశంలోని ఎయిమ్స్‌లన్నింటిలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల కోసం 2020 నుంచి నిర్వహిస్తున్న ఉమ్మడి పరీక్ష ఇది. మన బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లు కూడా ఇందులోనే. ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. సాధారణ అభ్యర్థులకు వయసు 18 నుంచి 30. ఏడో వేతన సంఘం లెక్కలో లెవల్-7, అంటే మూలవేతనం రూ.44,900 నుంచి మొదలవుతుంది. దానిపై డీఏ, ఇంటి అద్దె, నర్సింగ్ అలవెన్సు అదనం. రైల్వే ఆసుపత్రుల్లో నర్సింగ్ సూపరింటెండెంట్ పోస్టుకూ ఇదే లెవల్.

రాష్ట్రాల్లో పద్ధతులు వేరు. తెలంగాణలో వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు పరీక్ష పెడుతోంది. 2022 డిసెంబరులో 5,204 పోస్టులకు, 2024లో 2,050 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. వందలో 80 మార్కులు పరీక్షకు, 20 మార్కులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో చేసిన సేవకు. వేతన స్కేలు రూ.36,750 నుంచి రూ.1,06,990.

ఏపీలో ఇటీవల ప్రాంతీయ స్థాయిలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సులను తీసుకున్నప్పుడు రాతపరీక్ష లేదు. వందలో 75 మార్కులు కోర్సులో తెచ్చుకున్న మార్కుల ఆధారంగానే ఇచ్చారు. మిగతావి చదువు పూర్తయి ఎన్నేళ్లయిందన్న దానికి, ప్రభుత్వంలో కాంట్రాక్టు సేవకు. దీని అర్థం గమనించారా? తెలంగాణ అభ్యర్థి ‘పాసైతే చాలు, పరీక్షకు తర్వాత చదువుకుందాం’ అనుకున్నా నడవొచ్చు. ఏపీ అభ్యర్థికి మొదటి ఏడాది అనాటమీలో వచ్చిన మార్కు కూడా ఆరేళ్ల తర్వాత ఉద్యోగాన్ని నిర్ణయించవచ్చు.

ఇవి కాక, బీఎస్సీ చేసినవారికి గ్రామాల్లోని ఆరోగ్య కేంద్రాల్లో మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్ ఉద్యోగాలు ఉన్నాయి. జాతీయ స్థాయిలో వీరినే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అంటారు. బీపీ, షుగర్ రోగులను క్రమం తప్పకుండా చూడటం, మందులివ్వడం, అవసరమైతే పై ఆసుపత్రికి పంపడం వీరి పని. డాక్టర్ పక్కన లేకుండా సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం ఇష్టపడేవారికి ఇది బాగుంటుంది. కానీ చాలావరకు కాంట్రాక్టు కొలువులే.

సైన్యంలో చేరాలనుకునే అమ్మాయిలు ఇంటర్‌లోనే మేలుకోవాలి. మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌కు చెందిన కాలేజీల్లో బీఎస్సీ సీట్లను నీట్ స్కోరుతో ఇస్తారు. కోర్సు పూర్తయ్యాక లెఫ్టినెంట్ హోదాతో చేరతారు. అంటే ఎంబీబీఎస్‌కు పనికిరాదనుకున్న నీట్ స్కోరు ఇక్కడ పనికి రావచ్చు.

ప్రైవేటులో జీతం నిజంగా అంత తక్కువా?

చాలా చోట్ల, అవును. ఈ మాట దాచి నర్సింగ్ గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి.

నర్సుల జీతాలపై 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశాలతో కేంద్రం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ సిఫార్సులు స్పష్టంగా ఉన్నాయి. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలి. 100 పడకలు దాటితే తేడా 10 శాతానికి మించకూడదు. 50 నుంచి 100 పడకలైతే 25 శాతానికి మించకూడదు. అంతకంటే చిన్నదైనా నెలకు రూ.20 వేలకు తగ్గకూడదు.

తెలంగాణ స్కేలులో మూలవేతనం ఒక్కటే తీసుకున్నా, 60 పడకల ఆసుపత్రిలో నర్సుకు రూ.27,500కు పైనే రావాలన్నమాట. కేంద్రం ఈ సిఫార్సులను రాష్ట్రాలకు పంపింది. కేరళలో నర్సులు రోడ్డెక్కి ఉద్యమించాక, 2018లో అక్కడి ప్రభుత్వం రూ.20 వేల కనీస వేతనంతో నోటిఫికేషన్ ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం రూ.20 వేలలోపు జీతంతో కొత్తవారిని తీసుకునే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి.

అలాంటప్పుడు మీరు చేయగలిగింది ఏమిటి? మొదటి ఉద్యోగాన్ని జీతంతో పాటు అక్కడ వచ్చే అనుభవంతోనూ బేరీజు వేయండి. మీ వీధి చివరి 20 పడకల నర్సింగ్‌హోంలో రెండు వేలు ఎక్కువ ఇస్తారు, ఇంటికి దగ్గర. కానీ అక్కడి అనుభవం ఎయిమ్స్ పరీక్షకు జీఎన్‌ఎం అభ్యర్థి చూపించాల్సిన 50 పడకల లెక్కలోకి రాదు. గల్ఫ్ దరఖాస్తులోనూ దానికి బలం ఉండదు. పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, ఎమర్జెన్సీల్లో రెండేళ్లు చేసిన నర్సుకు మూడో ఏడాది మాట్లాడుకునే జీతం వేరు.

చేరేటప్పుడు నాలుగు విషయాలు అడగండి. చేతికి వచ్చేది ఎంత? జీతం బ్యాంకులో వేసి పేస్లిప్ ఇస్తారా? పీఎఫ్ కడతారా? ఐసీయూలో ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు? పీఎఫ్ గురించి అడిగేది పొదుపు కోసమే కాదు. మీరు అక్కడ పనిచేశారనడానికి ఎవరూ కాదనలేని రుజువు అదే. నెల జీతం రూ.21 వేల లోపు ఉంటే ఈఎస్‌ఐ కూడా వర్తిస్తుంది. ఇక చివరి ప్రశ్నకు ఐఎన్‌సీ ప్రమాణం ఒక రోగికి ఒక నర్సు. ‘ఐదుగురు’ అని జవాబు వస్తే అక్కడ పని ఎలా ఉంటుందో మీకు అర్థమైపోతుంది.

సర్టిఫికెట్లు ఆసుపత్రికి ఇవ్వాలా? బాండ్ రాయాలా?

ఒరిజినల్స్ చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ వదిలి రాకండి. బాండ్ పద్ధతిని, సర్టిఫికెట్లు పట్టి ఉంచడాన్ని ఐఎన్‌సీ ఇదివరకే తప్పుపట్టింది. అయినా ‘రెండేళ్లు పనిచేయాలి, లేదంటే లక్ష కట్టాలి’ అనే కాగితాలు ఇంకా తిరుగుతున్నాయి. కాలేజీల్లోనూ ఇదే తంతు ఉంటుంది. చదువు పూర్తయ్యాక తమ ఆసుపత్రిలో ఏడాది చేస్తేనే మార్కుల మెమోలు ఇస్తామంటారు. ఇప్పటికే ఇలా చిక్కుకుని ఉంటే రాతపూర్వకంగా అడగండి, రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తర్వాత ఆ కాపీతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు, విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు చేయండి. మాటల మీద చేసిన ఫిర్యాదు మాటల మీదే పోతుంది.

అబ్బాయిలు చేరొచ్చా?

చేరొచ్చు. జీఎన్‌ఎం, బీఎస్సీ రెండింటిలోనూ. కాకపోతే సీట్లు, పోస్టులు తక్కువ. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు. కొన్ని ప్రభుత్వ కాలేజీలు అమ్మాయిలనే తీసుకుంటాయి కాబట్టి నోటిఫికేషన్ చూసుకోవాలి. ప్రైవేటులో ఎమర్జెన్సీ, ఆర్థో, డయాలసిస్, క్యాథ్‌ల్యాబ్, మానసిక చికిత్స వార్డుల్లో మగ నర్సులకు గిరాకీ ఉంది.

రాత్రి డ్యూటీలు ఉంటాయి కదా, అమ్మాయిని పంపొచ్చా?

ఇది చాలామంది తల్లిదండ్రులు గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. దీని వెనక పెళ్లి సంబంధాల గురించిన బెంగ కూడా ఉంటుంది.

రాత్రి డ్యూటీలు ఉంటాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, రాత్రి 8 నుంచి ఉదయం 8 అని మూడు షిఫ్టులు. ప్రైవేటులో 12 గంటల షిఫ్టులూ ఉన్నాయి. వాటిని తప్పించుకునే దారి మొదటి కొన్నేళ్లలో దాదాపు లేదు. ఇది శరీరానికి భారమే. నిద్ర, తిండి, నెలసరి అన్నీ అటూఇటూ అవుతాయి. చేరే ముందే తెలిసి చేరడం మేలు. హాస్టల్ ఆసుపత్రి ఆవరణలోనే ఉందా, రాత్రి షిఫ్టుకు వాహనం ఉందా, డ్యూటీ గదికి గడియ ఉందా అని తల్లిదండ్రులు వెళ్లి చూసుకోవచ్చు. అందులో సిగ్గుపడాల్సింది లేదు.

సంబంధాల విషయానికొస్తే, ఎయిమ్స్‌లోనో బ్రిటన్‌లోనో ఉద్యోగం వచ్చిన నర్సు విషయంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అభ్యంతరం రాత్రి డ్యూటీ మీదా, జీతం మీదా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవాల్సిందే.

మరో మాట. చేరిన వెంటనే హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తి చేసుకోండి. వాడిన సూది గుచ్చుకుంటే దాచిపెట్టకుండా వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. తిడతారని భయపడి చెప్పకుండా ఊరుకునేది ఎక్కువగా కొత్తవాళ్లే.

విదేశాలకు వెళ్లాలంటే ఏం చేయాలి?

దేశాన్ని బట్టి దారి మారుతుంది. ‘ఫారిన్ నర్సింగ్’ అని ఒకే పరీక్ష ఏదీ లేదు.

గల్ఫ్‌కు సాధారణంగా రెండేళ్ల అనుభవం, డేటాఫ్లో తనిఖీ, ఆ దేశపు లైసెన్సు పరీక్ష కావాలి. బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్ష ముఖ్యం: ఐఈఎల్‌టీఎస్‌లో 7, రాయడంలో 6.5. లేదా ఓఈటీలో బి గ్రేడు, రాయడంలో సి ప్లస్. ఆపై కంప్యూటర్ పరీక్ష ఇక్కడే, ప్రాక్టికల్ పరీక్ష ఓఎస్‌సీఈ అక్కడికి వెళ్లాక. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొత్త నర్సుకు ఇచ్చే బ్యాండ్-5 జీతం 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లతో మొదలవుతుంది. రూపాయల్లోకి మార్చి చూస్తే కళ్లు చెదురుతాయి. పన్ను, ఇంటి అద్దె తీసేశాక మళ్లీ చూడండి.

అమెరికా విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎన్‌క్లెక్స్ పరీక్షను హైదరాబాద్‌లోనే రాయొచ్చు, కష్టపడితే పాసవ్వొచ్చు. కానీ పాసవడం వేరు, వెళ్లడం వేరు. నర్సులు వెళ్లే ఈబీ-3 గ్రీన్‌కార్డు వరుసలో భారతీయులకు పదేళ్లకు పైగా నిరీక్షణ ఉంది. ‘ఎన్‌క్లెక్స్ పాసైతే ఏడాదిలో అమెరికా’ అని ప్రకటన ఇచ్చే కోచింగ్ సెంటర్ ఈ వరుస గురించి చెప్పదు. ఎన్‌క్లెక్స్ వృథా కాదు, ఆస్ట్రేలియా, కెనడాల్లో కూడా అదే పరీక్ష.

జర్మనీకి ఇంగ్లిష్ కాదు, జర్మన్ భాష రావాలి. నర్సుగా పూర్తి గుర్తింపు కోసం సాధారణంగా బి2 స్థాయి అడుగుతారు. అంటే ఇక్కడే దాదాపు ఏడాది భాష మీద కూర్చోవాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మనీ వెళ్లే నర్సులకు ఇలాంటి శిక్షణ ఇస్తోంది. ఏపీలో ప్రభుత్వం తరఫున ఓంక్యాప్ ఉంది. ప్రైవేటు ఏజెంటు దగ్గరకు వెళ్లే ముందు ఈ రెండింటి ప్రకటనలు చూడండి.

సౌదీ, యూఏఈ, కువైట్ సహా ఈసీఆర్ దేశాల జాబితాలోని 18 దేశాలకు వెళ్లే నర్సులకు 2015 నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. డిగ్రీ ఉంది, నాకు అక్కర్లేదు అనుకోకండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ ఉద్యోగం చూసుకుందామనే మాట వినకండి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో వెతకండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జి గరిష్ఠంగా రూ.30 వేలు, దానిపై జీఎస్టీ. ఐదు లక్షలు, పది లక్షలు అడుగుతున్నాడంటే అది చట్టవిరుద్ధమే, ఎంత మంచిగా మాట్లాడినా సరే. బ్రిటన్ నియామకాల్లోనైతే ఏజెన్సీ నర్సు దగ్గర ఫీజు తీసుకోకూడదని అక్కడి నియమావళి చెబుతోంది.

ఆఫర్ లెటర్‌లో హోదా చదవండి. ‘రిజిస్టర్డ్ నర్స్’, ‘నర్సింగ్ అసిస్టెంట్’, ‘కేర్‌గివర్’ ఒకటి కాదు. జపాన్, ఇజ్రాయెల్ ప్రకటనల్లో చాలావరకు కేర్‌గివర్ పనులే. వృద్ధుల సంరక్షణ గౌరవమైన పనే, జీతమూ బాగుండొచ్చు. కానీ ఆ ఏళ్లు నర్సు అనుభవంగా లెక్కలోకి రావు. బ్రిటన్‌లో కేర్ వర్కర్ ఉద్యోగాలకు విదేశాల నుంచి కొత్తవారిని తీసుకోవడం 2025 జులైలో ఆపేశారు. ఇప్పుడు ఆ వీసా ఇప్పిస్తానని డబ్బు అడిగేవారు మోసం చేస్తున్నట్టే.

జీవితాంతం వార్డులోనేనా? ఎదుగుదల ఉండదా?

బీఎస్సీ తర్వాత ఏడాది అనుభవంతో, 55 శాతం మార్కులుంటే ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. ఆపై బోధన, పీహెచ్‌డీ. ఆసుపత్రుల్లో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, నాణ్యత విభాగాలు, అవయవదాన సమన్వయం లాంటి పనుల్లోకీ నర్సులు వెళ్తున్నారు. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల పీజీ ఉంది.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది మిడ్‌వైఫరీ. 2017లో తెలంగాణ ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మామూలు కాన్పును అనవసరమైన కోత లేకుండా నడిపించడం ఆ శిక్షణ సారాంశం. మరుసటి ఏడాది కేంద్రం ఇదే తరహా కార్యక్రమాన్ని జాతీయ స్థాయిలో ప్రకటించింది. సిజేరియన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఈ నైపుణ్యం ఉన్న నర్సు విలువ వేరే చెప్పక్కర్లేదు.

నర్సింగ్ చదివితే డాక్టర్ కావచ్చా అని కూడా అడుగుతారు. మధ్యలో వంతెన కోర్సేమీ లేదు. మళ్లీ నీట్ రాయాల్సిందే.

పిల్లలు పుట్టాక మానేశాను. మళ్లీ చేరొచ్చా?

చేరొచ్చు. ముందు రిజిస్ట్రేషన్ గడువు చూసుకోండి. ముగిసిపోయి ఉంటే కౌన్సిల్‌లో ఆలస్య రుసుముతో రెన్యువల్ చేయించుకోవాలి. పాత ఆసుపత్రి నుంచి అనుభవ పత్రం తీసుకోకుండా వచ్చేసి ఉంటే ఇప్పుడైనా తీసుకోండి. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ, ఏ వార్డు, ఆసుపత్రిలో ఎన్ని పడకలు అన్నవి ఉండాలి. ఆ ఆసుపత్రి మూతపడి ఉంటే పీఎఫ్ పాస్‌బుక్, అప్పటి బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి పెట్టుకోండి.

గల్ఫ్ లైసెన్సులకు రెండేళ్లకు మించిన విరామం అడ్డంకి అవుతుంది కాబట్టి, అటు వెళ్లే ఆలోచన ఉంటే ముందు ఇక్కడ ఏదైనా 100 పడకల ఆసుపత్రిలో చేరి అనుభవాన్ని తాజా చేసుకోండి. ప్రభుత్వ ఉద్యోగాలకు విరామం అడ్డు కాదు, వయోపరిమితి ఒక్కటే చూసుకోవాలి. ఏపీ తరహా నియామకాల్లోనైతే చదువు పూర్తయి గడిచిన ప్రతి ఏడాదికీ ఒక మార్కు చొప్పున 10 మార్కుల వరకు కలిశాయి. ఆ లెక్కన ఇంట్లో ఉన్న ఏళ్లు కూడా పనికొచ్చినట్టే.